శుక్రవారం కూడికకు రాని మనిషి

కువైట్‌లో మా ఇంట్లో జరిగే తెలుగు క్రైస్తవ ప్రార్థన కూడిక గురించి ఊరివాళ్లు ఫోన్‌లో మాట్లాడినప్పుడు, ఎంతమంది వస్తున్నారు, వాక్యం ఎవరు చెబుతున్నారు, పాటలు బాగా పాడుతున్నారా అని అడుగుతారు. వాటికి జవాబు చెబుతాను గానీ నా మనసు వేరే లెక్క మీద ఉంటుంది. ఈ శుక్రవారం ఎవరు రాలేదు, పోయిన శుక్రవారం కూడా రానిది ఎవరు, ఆమె ఫోన్ మోగుతున్నదా లేదా అన్నదే ఆ లెక్క. పరదేశంలో ఇళ్లలో కూడుకునే విశ్వాసులకు దేవుడు అప్పగించిన పనుల్లో రాని మనిషి జాడ తీయడమే మొదటిదని, పాటలూ ప్రసంగాలూ దాని తరువాతేనని నేను నమ్ముతాను.

మాది కల్వకుర్తి వైపు పల్లె. పాలమూరు జనానికి వలస కొత్త కాదు. బొంబాయికీ పూణెకూ, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికీ మట్టి పనికి పోయి బతికినవాళ్లు మా తాతల తరంలో ఇంటికొకరు ఉండేవారు. అయితే వాళ్లు గుంపుగా పోయేవారు. మేస్త్రీ వెంట వాడలో సగం కదిలిపోయేది. జ్వరమొస్తే పక్క గుడిసెలో ఉన్నది మేనత్తో చిన్నమ్మో అయ్యేది. గల్ఫ్ వలసలో ఆ ఆసరా ఉండదు. నల్లగొండ నుంచో వనపర్తి నుంచో బయలుదేరిన ఆడమనిషి శంషాబాద్‌లో ఒంటరిగా విమానమెక్కి, ముక్క భాష తెలియని ఇంట్లో దిగుతుంది. ఆ ఇంటి గోడల లోపల ఆమెకు ఏమి జరుగుతున్నదో చూసే తెలుగు కన్ను ఒక్కటీ ఉండదు. అందుకే మా ఇంట్లో చాప పరిచి కూర్చునే ఆ రెండు మూడు గంటలకు, ఊరిలో ఆదివారం ఆరాధనకు లేని బరువు ఉన్నది.

కువైట్‌లో చర్చి లేకపోలేదు. అరేబియన్ మిషన్‌కు చెందిన అమెరికన్ మిషనరీలు ఆసుపత్రి నడిపిన కాలంలో, 1931లో కట్టిన ఆరాధన మందిరం కువైట్ సిటీలో ఇప్పటికీ ఉన్నది. దాని ప్రాంగణంలో ఎన్నో దేశాల, ఎన్నో భాషల సంఘాలు గంటలు పంచుకొని ఆరాధిస్తాయి. అక్కడికి పోగలిగినవాళ్లు పోతారు. జహ్రాలోనో మంగాఫ్‌లోనో ఇంటి పని చేసే అక్కకు మాత్రం అంత దూరం పోయి వచ్చే సమయం ఉండదు, టాక్సీ డబ్బులు ఉండవు. పక్క వీధి దాకా అయితే ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పంపుతుంది. అలాంటివారి కోసమే ఇంటి కూడికలు పుట్టాయి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించకుండా, ఇక్కడి ముస్లింలకు మతబోధ చేయకుండా ఉన్నంతవరకు ఇళ్లలో ప్రార్థన చేసుకుంటే ఈ దేశం సాధారణంగా అడ్డుచెప్పదు. ఆ హద్దును మేము నిండు మనసుతో పాటిస్తాము. మనకు అన్నం పెడుతున్న దేశపు కట్టుబాటును గౌరవించడం కూడా సాక్ష్యమేనని మా పెద్దలు నేర్పారు.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక్కొక్కరుగా వస్తారు. చెప్పులు బయట వదలకుండా లోపలికి తెచ్చి, తలుపు వెనక ఉన్న ప్లాస్టిక్ టబ్బులో వేస్తారు. వరండా నిండా చెప్పులు కనబడితే బిల్డింగ్ కాపలాదారు అయిన హారిస్ మీదకు మాట వస్తుంది, ఆయన కూడా మనలాగే పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడే. డోలక్ వాయించము, చప్పట్లు కొట్టము, పాట గొంతులోనే పాడుకుంటాము. వచ్చీ రాగానే ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, గోడకు ఆనుకొని నిద్రపోయే అక్కలు ఉంటారు. తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి దాకా పనిచేసే వారికి భయం లేకుండా కన్ను మూసే చోటు వారంలో ఇదొక్కటే కావచ్చు. నా భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. అలా పడుకున్నవారిని ప్రార్థనకు లేపవద్దని ఆమె మొదట్లోనే ఖండితంగా చెప్పింది. ప్రార్థన అయ్యాక అందరికీ జొన్న రొట్టె, పచ్చిపులుసు, ఏదో ఒక కూర పెడుతుంది. సెలవుకు పోయివచ్చిన ప్రతివారూ ఊరి నుంచి జొన్న పిండి సంచి తేవడం మాకు అలవాటయింది.

ఒకప్పుడు మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అక్క వరుసగా కూడిక మానింది. వాళ్ల నాయన ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగి మంచాన పడినవాడు. ఆయన మందులకూ చెల్లెలి చదువుకూ ఈమె జీతమే ఆధారం. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఆ ఇల్లు ఏ ప్రాంతంలో ఉన్నదో తెలుసు గానీ తలుపు కొట్టి అడిగే వీలు లేదు. దగ్గరి వీధిలో పనిచేసే మరో చెల్లె రోజూ చెత్త వేసే వేళ మార్చుకొని చూసి, చివరికి కబురు తెచ్చింది: "అన్నా, అక్క చెత్త డబ్బాకాడ కనవడ్డది. పాణం బాగలేదట, జీతం గూడ నాలుగు నెలల సంది ఇయ్యలేదట. మీకు చెప్పుమన్నది."

ఇలాంటి కబురు విన్నప్పుడు, ఆ మనిషిని వెంటనే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రేమ గలవాళ్లకు మరీ అనిపిస్తుంది. అది ఆమెకే కీడు. ఇంటి పనివారు వచ్చేది 20వ నంబర్ వీసా మీద. వారి అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కఫీల్ అనే స్పాన్సర్ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. చెప్పకుండా గడప దాటితే పరారీ కేసు పడుతుంది. పరారీలో ఉన్నవారిని దాచిన ఇంటివారూ నేరస్థులవుతారు. పైగా అంతవరకు రావలసిన జీతం గురించి అడిగే బలం ఆమె చేయి జారిపోతుంది. ఆమె బయటపడవలసిన దారి భారత రాయబార కార్యాలయం గుండా ఉన్నది. అక్కడ ఇంటి పనివారి ఫిర్యాదులు తీసుకుంటారు, దిక్కులేని ఆడవారికి ఆశ్రయం ఇస్తారు, కఫీల్‌ను పిలిపించి మాట్లాడతారు. ఆ చెల్లె చేతికే ఒక చిన్న కాగితం మీద కార్యాలయం ఫోన్ నంబరు, చెప్పవలసిన నాలుగు మాటలు రాసి పంపాము. అక్క ఫోన్ చేసింది, తరువాత తానే వెళ్లి ఫిర్యాదు రాసి ఇచ్చింది. కొన్ని వారాలు పట్టినా, బకాయిలో పెద్ద భాగం చేతికి వచ్చాకనే ఇంటికి పోయింది. ఆ వారాలన్నీ మేము ఉపవాసముండి ప్రార్థించాము, వంతులవారీగా ఆమె కోసం తిరిగాము కూడా. రెండింటిలో ఏది మానినా ఆమెకు అన్యాయం చేసినవాళ్లమే అయ్యేవాళ్లము.

ఇక్కడ నాకు బాధ కలిగించే మాట ఒకటి చెప్పాలి. జీతం రాని మనిషితో, నీ విశ్వాసం తక్కువైంది, కన్నీటితో కనిపెట్టు, దేవుడే యజమాని మనసు మారుస్తాడు అని చెప్పి పంపించే బోధకులు ఉన్నారు. యజమాని మనసు మార్చగల దేవుడే ఈ దేశంలో చట్టాన్నీ ఉంచాడు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి రోజుకు 12 గంటలు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోరాదన్నది. కనీస వేతనం 60 దినార్లని 2016లో ప్రకటించారు. ఈ సంగతులు మా కూడికకు వచ్చే అక్కల్లో చాలామందికి ఏళ్ల తరబడి తెలియవు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ, ప్రార్థన అయ్యాక, పక్కన కూర్చోబెట్టి చెబుతున్నాము. ఇక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీ గడువు ఎప్పుడు తీరుతుందో, పాస్‌పోర్టు జిరాక్సు ఊరిలో ఎవరి దగ్గర ఉన్నదో అడిగి రాసుకుంటున్నాము. దీనిని లోక సంబంధమైన పని అనేవాళ్లు ఉన్నారు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్లగొట్టినప్పుడు కొరింథుకు వలస వచ్చి, డేరాలు కుట్టుకొని బతికిన అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లోనే పౌలు ఉండి, వారితో కలిసి అదే పని చేశాడని లేఖనంలో ఉన్నది. ఆ తరువాత వారి ఇంట్లో సంఘం కూడుకునేది. ఇంటి కూడికకు ఆది నుంచీ కూలి మనిషి బతుకుతో సంబంధం ఉన్నది.

మా పాలమూరులో విశ్వాసం వచ్చిన దారి కూడా అదే. మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు జడ్చర్లలో ఆసుపత్రి నడిపారు. సువార్త మా పల్లెలకు మందుతోనూ పలకతోనూ కలిసి వచ్చింది. ఆ తాతల బిడ్డలమైన మేము గల్ఫ్‌కు వచ్చాక ఒట్టి పాటలతో సరిపెట్టుకుంటే వారి ఋణం తీరదు.

డబ్బు విషయంలో మాకు ఒక కట్టుబాటు ఉన్నది. కానుకల్లో వచ్చినది అప్పుగా ఇవ్వము, ఇస్తే ఇచ్చినట్టే. అప్పుగా ఇస్తే తీసుకున్న మనిషి తీర్చలేక సిగ్గుతో కూడిక మానేస్తుంది, అప్పుడు డబ్బూ పోతుంది మనిషీ పోతుంది. ఎవరికి ఇచ్చామో ఇద్దరు ముగ్గురు పెద్దలకు తప్ప తెలియనివ్వము. ఊరి నుంచి వచ్చే సేవకులు మందిరం స్లాబుకని, ప్రహరీ గోడకని చందాలు అడుగుతారు. ఇంటి పని చేసే అక్కలు నెల జీతంలో మూడో వంతు దాకా తీసి ఇచ్చిన సందర్భాలు చూశాను. వారి భక్తిని నేను తక్కువ చేయను. కానీ పక్కనే కూర్చున్న చెల్లె దగ్గర టికెట్ డబ్బులు లేనప్పుడు ఊరిలో స్లాబు ఒక ఏడాది ఆగవచ్చునని ఆ సేవకులకు మర్యాదగానే చెబుతున్నాను. కొందరు నొచ్చుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం తనకు వచ్చిన చందాలోంచే ఆ టికెట్ కొనిచ్చి పోయాడు.

సాక్ష్యం చెప్పడం గురించి కూడా జాగ్రత్త పడుతున్నాము. కష్టం చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది, నిజమే. అయితే చేయి పడిన సంగతో, కొట్టిన సంగతో నలుగురి మధ్య చెప్పించి, దానిని ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో తిప్పితే, అది సాయంత్రానికల్లా ఆమె అత్తగారి ఊరు చేరుతుంది. అందుకే అలాంటివి నా భార్యతో లోపలి గదిలోనే మాట్లాడతారు, కూడికలో పేరు లేకుండా ప్రార్థిస్తాము.

కష్టమంటే జీతం ఒక్కటే కాదు. ఊరిలో భర్త మరొకరిని తెచ్చుకున్నాడని విని పిచ్చిదానిలా అయిన అక్క, ఏజెంటుకు ఇచ్చిన అప్పు మిత్తి పెరుగుతుంటే మందుకు అలవాటుపడిన తమ్ముడు, ఒంటరితనంలో తప్పు దారి పట్టి అందరి ముందుకు రావడానికి ముఖం చెల్లని వాళ్లు, వీరందరూ కూడికకు రాని మనుషుల లెక్కలోనే ఉన్నారు. వారిని వెలివేయడం సులభం. ఒక తమ్ముడి గదికి మా పెద్దలు వారం వారం పోయి, ఒక్క మాట మందలించకుండా, అన్నం తిని వచ్చారు. అతను చాలా కాలానికి తిరిగి వచ్చాడు, ఇప్పుడు రాని వాళ్లను వెతికే పని అతనిదే.

2024లో కువైట్ ప్రభుత్వం మార్చి 17 నుంచి క్షమాభిక్ష ప్రకటించి, తరువాత జూన్ నెలాఖరు వరకు పొడిగించినప్పుడు, ఖల్లివల్లి అయి, అంటే యజమానిని వదిలి అకామా లేకుండా, ఏళ్లుగా దాక్కున్నవారు ఎక్కడెక్కడి నుంచో బయటికి వచ్చారు. జరిమానా లేకుండా దేశానికి పోయే వీలున్నదని తెలియనివారు, తెలిసినా ఇది పట్టుకునే ఎత్తేమోనని భయపడినవారు వారిలో ఉన్నారు. ఆ రోజుల్లో మా చాప మీద బైబిళ్ల కంటే ఫోటోలు, జిరాక్సులు, పాస్‌పోర్టు లేనివారు ఇంటికి పోవడానికి ఇచ్చే ఔట్‌పాస్ దరఖాస్తులు ఎక్కువ కనబడ్డాయి. వచ్చినవారు ఏ మతంవారని మేము అడగలేదు.

ఇక ఊరి సంఘాలతో ఒక మాట. ఇక్కడ మేము ఎంత చేసినా, తిరిగి వచ్చిన మనిషిని మీరు అందుకోకపోతే అది సగం పనే. బయలుదేరేవారికి ముందే చెప్పండి: ఇంటి పనికి పోయే, పది చదవని ఆడవారికి 30 ఏళ్లు నిండాలి, ప్రైవేటు ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతానంటే నమ్మవద్దు, విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగాలి, ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షలు వచ్చే బీమా అది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి 5 లక్షలు ఇస్తున్నది. ఆ దరఖాస్తు రాసిపెట్టే చదువుకున్న పిల్లలు ప్రతి సంఘంలో ఉన్నారు. ఖాళీ చేతులతో వచ్చిన ఆడమనిషి గురించి బావి దగ్గర ఏమనుకుంటారో మీకు తెలుసు. మర్రిగూడ అక్క పోయిన రోజు వాళ్ల సంఘ పెద్దలు ఇద్దరు శంషాబాద్‌కు వచ్చి ఆమెను తీసుకుపోయారు. ఆ మరుసటి వారమే అప్పు ఇచ్చినవాడి ఇంటికి ఆమెతో కలిసి పోయి, మిత్తి ఆపించి, అసలు నెలనెలా కట్టేటట్టు ఒప్పించి, కాగితం రాయించుకున్నారు. తక్కిన పల్లెల పెద్దలు కూడా ఆ పని చేయాలని అడుగుతున్నాను. ఎవరు ఏ విమానానికి వస్తున్నారో మేము ఇక్కడి నుంచి ముందుగానే ఫోన్ చేసి చెబుతాము.