మడిలో అడుగు

"అబ్బాయ్, దిగబాకయ్యా! గట్టు మీదే నిలబడు!"

ఇయ్యాల సింగరాయకొండ నుంచి పాకల బీచికి పోయే దారిలో, ఉప్పు మడుల కాడ ఒక పెద్దాయన కేక. సెల్ఫీ కోసం దిగిన కుర్రాడి కాలు అప్పటికే మడమ దాకా కూరుకుపోయింది. పైకి తీస్తే నల్ల బురద, తెల్ల ఉప్పు కలిసిపోయి ఉన్నాయి.

ఆ కోపం ఊరికే రాలా. ఉప్పు మడికి నేలే ప్రాణం. సీజను మొదట్లో తడి బంకమట్టిని రోజుల తరబడి తొక్కి తొక్కి గచ్చులా గట్టి చేస్తారు. అది పగిలితే నీళ్ళు ఇంకిపోతాయి, లాగిన ఉప్పు మట్టిరంగులో వస్తుంది. ఇంక దానికి రేటేం పలుకుద్ది?

నీళ్ళకీ ఓ లెక్కుంది. నీళ్ళలో ఉప్పు ఎంత చిక్కగా ఉందో చూపే బోమే మీటరు మీద సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలు. మడి నుంచి మడికి మారుస్తూ ఎండబెడితే 25 దగ్గర ఉప్పు గింజ కడుతుంది. 29 దాటిందా, మిగిలిన నీళ్ళు బయటికి వదిలెయ్యాల్సిందే. లేదంటే మెగ్నీషియం దిగి ఉప్పు చేదెక్కుతుంది, ఊరికే చెమ్మగిల్లుతుంది. ఇంతా చేశాక ఒక్క పెద్ద వాన చాలు, మళ్ళీ తొక్కుడు కాడ్నించి మొదలు.

ఆ పక్కనే బకింగ్‌హామ్ కాల్వ. 1878లో పెట్టిన పేరు. ఒకప్పుడు ఉప్పు పడవలు మద్రాసు దాకా దీని మీదే పోయేవి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయింది.

ఫొటో కావాలంటే గట్టు మీంచే తీసుకోండబ్బా. ఎండ వాలినాక కుప్పలు ఇంకా బాగా పడతాయి.