చినగంజాం ఉప్పు, చెన్నపట్నం గట్టు

మా తాత కుడి భుజం మీద అరచేతి వెడల్పున ఒక మచ్చ ఉండేది. నల్లగా, గట్టిగా, చెప్పు అడుగు తోలులా ఉండేది. ఎండాకాలం రాత్రుళ్ళు వాకిట్లో ఆయన పక్కన పడుకుని దాన్ని గోటితో గీరేవాణ్ణి. "తెలుస్తోందా తాతా?" అంటే, "తెలీదురా, అక్కడి తోలు చెన్నపట్నం తీసేసుకుంది" అనేవాడు.

మాది చినగంజాం. ఉప్పు కొఠార్ల ఊరు. అక్కడ పండిన ఉప్పును పడవలకెత్తి బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు తెచ్చేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. రెండూ పనిచేయనప్పుడు పడవకు మోకు కట్టి, ఇద్దరు ముగ్గురు గట్టు మీద నడుస్తూ లాగడమే. మోకు కోసుకోకుండా భుజాన గోనెపట్టా మడిచి వేసుకునేవాళ్ళు. ఎంత మడిచినా మచ్చ పడేది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ వచ్చి దీంట్లో కలుస్తుంది. అక్కణ్ణుంచి చెన్నైకి 315 కిలోమీటర్లు. గాలి కలిసొస్తే వారం, ఎదురుగాలి అయితే పన్నెండు రోజులు పట్టేదని తాత లెక్క.

నేను చెన్నై వచ్చి ఇరవై మూడేళ్ళయింది. ఇల్లు తిరువాన్మియూర్‌లో. రోజూ ఆ కాలువ దాటే ఆఫీసుకు వెళ్తాను. తాత కాలువ ఇదేనని తెలిసి కూడా, ముక్కు మూసుకుని వంతెన దాటడమే తప్ప ఒక్కనాడూ దాని పక్కన నడవలేదు. ఈ ఏప్రిల్‌లో మా అమ్మాయికి పరీక్షల టెన్షన్ తీరాక, "నాన్నా, ముత్తాత నడిచిన గట్టు చూపిస్తానన్నావు, ఎప్పుడు?" అంది. ఆ ఆదివారమే బయల్దేరాం.

మొదటి రోజు నడక. చేపాక్ రైల్వే స్టేషన్ నుంచి అడయారు నది దాకా. కూవం నదికీ అడయారుకీ మధ్య ఉన్న ఈ 8 కిలోమీటర్ల ముక్కను నేను కావాలనే ఎంచుకున్నాను. ఉత్తరాన ఎన్నూరు వైపు కాలువను 1806లోనే బాసిల్ కోక్రేన్ అనే దొర తవ్వించడం మొదలుపెట్టాడు. చాలాకాలం దాన్ని కోక్రేన్ కాలువ అనే పిలిచారు. ఊరి నడిమధ్య ముక్కను తవ్వింది మాత్రం 1877-78లో, పెద్ద కరువు రోజుల్లో. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది ఆ కరువునే. తిండి లేక పట్నం చేరిన జనం కరువు పని కింద తవ్విన కాలువ ఇది. పేరేమో అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్‌ది పెట్టారు. తట్టలు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. నడిచినంతసేపూ నాకు అదే మనసులో తిరిగింది.

గట్టు అని చెప్పుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు. కాలువ మీదుగా పైన రైలు పోతుంది. 1990లలో మొదలైన ఆ లైను స్తంభాలు చాలాచోట్ల నీళ్ళలోనే దిగి ఉన్నాయి. లైట్‌హౌస్, ముండకకన్ని అమ్మన్ కోయిల్, తిరుమయిలై, మందవెళి... స్టేషన్ల పేర్లు చదువుకుంటూ, కాలువ కనబడినచోట కాలువ పక్కన, కనబడనిచోట సందుల్లోంచి నడిచాం. నీళ్ళు తారులా ఉన్నాయి. మైలాపూరులో ఒక పిట్టగోడ మీద నుంచి వంగి చూసి మా అమ్మాయి, "దీంట్లో పడవ ఎలా నడిచింది నాన్నా?" అని అడిగింది. నిజంగా నడిచింది తల్లీ. బియ్యం, ఉప్పు, సరుగుడు కట్టెలు, అన్నీ దీని మీదే వచ్చాయి. ఈ ఊరి పొయ్యిలో కట్టె, ఆ పొయ్యి మీద కూరలో ఉప్పు మన వైపు నుంచి వచ్చినవే. సెంట్రల్ దగ్గర సాల్ట్ కోటార్స్ అని రైల్వే యార్డు ఉంది. ఆ బోర్డు మొదటిసారి చదివినప్పుడు మా ఊరి కొఠారు ఇంగ్లిషు చొక్కా తొడుక్కుని నిలబడ్డట్టనిపించి, రోడ్డు మీదే ఆగిపోయాను.

మరుసటి ఆదివారం సైకిళ్ళు. తెల్లవారుజామున ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కి, ముట్టుకాడు దాటి, కోవళం దగ్గర కుడికి తిరిగి కేళంబాక్కం దారి పట్టాం. ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. ముట్టుకాడు వంతెన మీద ఆగాం. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు వెడల్పాటి ఉప్పుటేరు. పోటుకు సముద్రపు నీళ్ళు లోపలికి ఎక్కుతాయి, ఆటుకు దిగిపోతాయి. ఇలా నదులు, ఏళ్ళు అడ్డొచ్చినచోట నీళ్ళు దిగిపోయి పడవలు బురదలో కూలబడకుండా లాకులు కట్టేవాళ్ళు. లాకు తలుపు తీసేదాకా అన్నాలు వండుకునేవాళ్ళమని తాత చెప్పేవాడు. ఆయన ప్రయాణం కథలన్నిట్లోనూ వంట లాకు దగ్గరే జరిగేది.

కేళంబాక్కం దారికి అటూ ఇటూ ఉప్పు మళ్ళు చూసేసరికి నా గొంతు పట్టేసింది. అదే వాసన. సైకిళ్ళు దిగి మట్టిగట్టు మీద నడిపించుకుంటూ వెళ్ళాం. ఒక పెద్దాయన పొడుగాటి కర్రకు చెక్కపలక బిగించిన దాంతో ఉప్పు లాగుతున్నాడు. తమిళంలో పలకరించి, మాదీ ఉప్పు ఊరేనని చెప్పాను. కర్ర పక్కన పెట్టి మమ్మల్ని ఇంకో మడి దగ్గరికి తీసుకెళ్ళి, వంగి చూడమన్నాడు. నీళ్ళ మీద పల్చటి పొర, కాచిన పాల మీద మీగడలా. వేలితో తాకాడు. పొర చిట్లి, చిన్న చిన్న పలుకులుగా కిందికి దిగింది. అడుగున గింజ అలాగే కడుతుందట. మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, ఎండ నెత్తికెక్కేదాకా ఒక్కో పొరా తాకుతూనే ఉంది. నేను కర్ర అడిగి తీసుకుని నాలుగు లాగులు లాగాను. గరగరమనే ఆ చప్పుడు విని ముప్పై ఏళ్ళు దాటింది.

1965, 66 తుపాన్ల తర్వాత పడవల రాకపోకలు దెబ్బతిన్నాయి. లారీలు వచ్చాయి, తాత మోకు అటకెక్కింది. అయినా కాలువ పని అయిపోలేదు. 2004 సునామీ రోజున పెదగంజాం నుంచి చెన్నై దాకా సముద్రపు నీళ్ళు ఈ కాలువలో నిండి, పది పదిహేను నిమిషాల్లో వెనక్కి తీశాయి. ఎంతోమంది పల్లెకార్ల, అంటే జాలర్ల, ప్రాణాలు దానివల్లే దక్కాయి. అలాంటి కాలువలోకి మురుగు వదలడం చూస్తుంటే నాకు కడుపు మండుతుంది. ఊళ్ళో కనీసం ఈ ఎనిమిది కిలోమీటర్లయినా మనిషి నడవడానికి ఒక దారి, తవ్వినవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పే బోర్డు పెట్టాలని నా కోరిక. ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను.

వచ్చేటప్పుడు నా వెనక చక్రంలో సీమతుమ్మ ముల్లు దిగింది. కోవళం దాకా తోసుకొచ్చి పంక్చర్ వేయించుకునేసరికి పదకొండైంది.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోన్ చేశాను. దసరా సెలవులకు వస్తామని, పెదగంజాం లాకు నుంచి దక్షిణంగా వెళ్ళినంత దూరం గట్టు మీద సైకిళ్ళ మీద వెళ్తామని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నేనూ వస్తాన్రా" అన్నాడు. మళ్ళీ తనే, "గట్టు నిండా తుమ్మే. ట్యూబులు నాలుగు ఎక్కువ తెచ్చుకోండి. కత్తి నేను పట్టుకొస్తాలే" అన్నాడు.