కరోనా కనబడని పువ్వు

మొక్కను నొక్కి ఎండబెట్టి అతికించిన షీటు మీద "బ్రాకిస్టెల్మా, కొత్త జాతి కావచ్చు" అని రాసి పంపారు. బ్రాకిస్టెల్మా అంటే దుంప ఉండే చిన్న మొక్కల ప్రజాతి (జీనస్). ఆకులు ముచ్చటగా పరిచారు. దుంప కూడా మొత్తం తవ్వి ఎండబెట్టారు, ఆ మొక్క ఇక అక్కడ మొలవదు. పువ్వు మాత్రం కాగితానికి అంటుకుపోయిన నల్ల మచ్చ. ఆ మచ్చే ఈ రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు.

ఈ మొక్కల్లో ఆకును నమ్ముకుంటే మునిగినట్టే. నీడలో వెడల్పవుతుంది, ఎండలో సన్నబడుతుంది. జాతి తేలేది పువ్వు నడిమధ్య, ఒకటి రెండు మిల్లీమీటర్ల కరోనాలో, అంటే కిరీటంలాంటి భాగంలో. బయటి వరుస తమ్మెలు చీలాయా, కలిసిపోయాయా? లోపలివి పరాగకోశాల మీదికి వంగాయా? నూగు ఎక్కడుంది? అట్టల మధ్య నొక్కితే ఇవన్నీ ఒకే ముద్ద.

చేయాల్సిందేమో చిన్న పని. పక్కన స్కేలు పెట్టి తాజా పువ్వు ఫొటో తీసి, రంగు అక్కడే రాసుకోవాలి, స్పిరిట్‌లో అది వెలిసిపోతుంది. రెండు మూడు పువ్వులు 70 శాతం ఆల్కహాలులో వేసి, పెళుసెక్కకుండా నాలుగు చుక్కల గ్లిజరిన్ కలపాలి. సేకరణ సంఖ్య పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే ఉండాలి. పెన్ను సిరా కరుగుతుంది, పైన అంటించింది ఊడుతుంది. అదే సంఖ్య షీటు మీద లేకపోతే ఆ సీసా ఎందుకూ కొరగాదు.

ఒక పాత షీటు గుర్తొస్తోంది. ఎండిన పువ్వును చుక్క సబ్బునీళ్లు కలిపిన వేడినీళ్లలో కాసేపు ఉంచితే రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి, అంచు నూగు కూడా లెక్కపెట్టేంత తేటగా. ఎంత ఆనందమో! కరోనా మాత్రం ముద్దగానే మిగిలింది.

అయినా ఇంతసేపూ పంపినవాళ్లను తిట్టాను గానీ, పోల్చుకోవాల్సిన టైపు నమూనాల (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా ఎంచిన నమూనాల) సంగతేమిటి? 19వ శతాబ్దపు వాటిలో చాలావరకు ఇలా నొక్కి ఎండబెట్టినవేగా. సీసాలో పువ్వున్నా ఎదుట పెట్టుకోవడానికి ఏముంది? టైపు దొరికిన కొండకే, తొలి వానలు పడ్డాక, పూత అయిపోకముందే వెళ్లాలి. అక్కడి తాజా పువ్వుతో పోల్చాకే "కొత్తది" అన్న మాట.

ప్రజాతి గొడవ వేరే ఉంది. 2017లో బ్రాకిస్టెల్మాను సెరోపీజియా అనే దగ్గరి ప్రజాతిలో కలిపేశారు. పాత పేరుదే పైచేయి కాబట్టి, 1753 నాటి సెరోపీజియా ముందు 1822 నాటి బ్రాకిస్టెల్మా నిలవదు. డీఎన్ఏ వంశవృక్షం చూస్తే కాదనలేం, కానీ బ్రాకిస్టెల్మా నల్లమలయానా అని అలవాటైన నోటికి సెరోపీజియా ఇంకా తిరగడం లేదు.

రేపు చీటీ మీద "బ్రాకిస్టెల్మా, జాతి తేలలేదు" అని రాసి, స్పిరిట్ పువ్వు కావాలని జాబు పెడతాను. దుంప తవ్వకుండా, కొమ్మ కోస్తే చాలని కూడా.