వట్టిపోయిన గేదెకూ దాణా పెట్టండి

మా తెనాలి వైపు పాలిచ్చే గేదెకే దాణా. వట్టిపోయిందంటే చాలు, ఈనేదాకా వరిగడ్డితో సరిపెడతారు. "పాలివ్వనిదానికి ఖర్చెందుకమ్మా" అంటారు. నేను మాత్రం ఈ మాట ఒప్పుకోను. మా గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెను ముర్రా జాతితో సంకరం చేసిన రకం) గేదెల్లో పెద్దదానికి ఇప్పుడు నెలలు నిండాయి, దాని తొట్టిలో దాణా ఉంది.

గేదె చూడి దాదాపు 310 రోజులు. దూడ బాగా పెరిగేది చివరి రెండు మూడు నెలల్లో. అది పెరిగేకొద్దీ పొట్టలో మేతకు చోటు తగ్గుతుంది. ఈనగానే పాలు ఎగదన్నుకొస్తాయి, ఆకలి మాత్రం కొన్ని వారాలకు గానీ అందుకోదు. ఆ లోటును గేదె ఒంట్లో కొవ్వు కరిగించి పూడుస్తుంది. బాలింత గేదె చూస్తుండగానే చిక్కిపోయేది అందుకే. లోటు మరీ ఎక్కువైతే కీటోసిస్ అనే జబ్బు వస్తుంది. దాణా ముట్టదు, ఎండుగడ్డి కొరుకుతుంది, పాలు పడిపోతాయి, నోటి దగ్గర తియ్యటి వాసన వస్తుంది. మళ్ళీ ఎదకు రావడమూ ఆలస్యమే.

అందుకే ఈనడానికి మూడు వారాల ముందే మొక్కజొన్న నూక, తవుడు, పత్తి చెక్క కలిపి రోజుకు కిలో మొదలుపెడతాను. గుప్పెడు గుప్పెడు పెంచుతూ ఈనే నాటికి రెండున్నర కిలోలకు తెస్తాను. పొట్టలో సూక్ష్మజీవులు అలవాటు పడాలి కదా. ఈనిన రోజున బలమని బకెట్ నిండా అన్నం పెట్టేవాళ్ళున్నారు. పొట్టలో ఆమ్లం పెరిగి గేదె ప్రాణం మీదకొస్తుంది. ప్రేమతో పెట్టిందే అలా కావడం నాకు చాలా బాధ.

ఈనాక దాణాలో రోజుకు 100 నుంచి 150 గ్రాముల బైపాస్ కొవ్వు కలుపుతాను. మామూలు నూనె ఎక్కువైతే పీచు అరగదు. బైపాస్ కొవ్వు మాత్రం మేత పులిసే పెద్ద పొట్ట దాటాక అరుగుతుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఖరీదే, కానీ గేదె పాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది, అదంతా ఎక్కడి నుంచో రావాలిగా.

మేత తగ్గిన గేదెకు డాక్టరు గారు ప్రొపిలిన్ గ్లైకాల్ అనే తాగించే మందు రాస్తారు. దాన్ని కాలేయం గ్లూకోజుగా మారుస్తుంది. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకండి, నాలుక బయటికి లాగకండి. కొద్దికొద్దిగా పోసి, మింగాకే మళ్ళీ పోయండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.