కరెంటు ఫ్రీనే, పడుకునేదెక్కడ?

నేను జడ్చర్లలో మీ సేవ సెంటర్లో పని చేస్తాను. ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్‌లో తప్పులు, పింఛన్ దరఖాస్తులు రోజూ నా చేతుల మీదుగానే పోతుంటాయి. అలాంటి నేనే మా అమ్మ ఆరోగ్యశ్రీ దగ్గర పేరు తేడాతో మూడు రోజులు ఇరుక్కుపోయాను. రేషన్ కార్డులో అమ్మ పేరు చివర 'మ్మ' ఉంది, ఆధార్‌లో లేదు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో ఎట్లా వింటే అట్లా రాసుకున్నారు. ఊళ్లోవాళ్ల కార్డులన్నీ సరిచేశాను గానీ మా అమ్మది ఏ రోజూ తీసి చూడలేదు.

అమ్మది కోయిలకొండ దగ్గర ఊరు. ముట్లు ఆగి పదేళ్లయింది. మళ్లీ రక్తం కనపడితే ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటూ నెట్టుకొచ్చింది. దసరాకు వెళ్లినప్పుడు ఆమె చీరలు ఉతుకుతుంటే నాకు తెలిసింది. మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేసే దశ దాటింది, కరెంటు పెట్టించాలి, హైదరాబాద్ పొమ్మన్నారు.

రేడియేషన్‌ను మా దిక్కు అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు. అమ్మ నిజంగానే కరెంటు అనుకుంది. "షాకు కొడతదా బిడ్డా?" అని బస్సులో రెండుసార్లు అడిగింది.

హైదరాబాద్‌లో క్యాన్సర్ దవాఖాన అంటే రెడ్ హిల్స్‌లో ఉన్న ఎంఎన్‌జే. 1955లో మొదలైంది, మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. రాష్ట్రం నలుమూలల నుంచీ జనం అక్కడికే వస్తారు. ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఆరోగ్యమిత్ర ఉంటారు. పేరు తేడా పట్టుకున్నదీ, ఏ కాగితం తెస్తే సరిపోతుందో చెప్పిందీ ఆయనే. మా జిల్లావాళ్లకు ఈ పథకం కొత్తేం కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పట్లో పరిమితి 2 లక్షలు, తర్వాత 5 లక్షలైంది, 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిందీ ఆ రోజే. మా అమ్మ కరెంటు, కీమో అన్నీ అందులోనే అయిపోయాయి. వైద్యం కోసం మేం అప్పు చెయ్యలేదు.

వైద్యం ఆగిపోయేలా చేసింది వేరే విషయం. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

25 కరెంట్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, అంటే ఐదు వారాలు. వారానికొకసారి రక్త పరీక్ష చూసి కీమో ఎక్కిస్తారు. బయటి కరెంటు అయ్యాక లోపలి నుంచి పెట్టే కరెంట్లు ఇంకొన్ని. మొత్తం ఎనిమిది వారాల్లోపు అయిపోవాలనీ, మధ్యలో గ్యాప్ వస్తే మందు చేసిన పని తగ్గిపోతుందనీ డాక్టర్ గట్టిగా చెప్పారు. మిషన్ మీద పడుకోబెట్టేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల కోసం ఐదు వారాలు హైదరాబాద్‌లో ఉండాలి. అన్నయ్య పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. హైదరాబాద్‌లో మాకు దగ్గరి చుట్టాలు లేరు. లాడ్జి పెట్టే స్థోమత లేదు.

జీరో టికెట్ ఉంది కదా, రోజూ పోయొద్దాం అనుకున్నాం. తెల్లారకముందే జడ్చర్లలో బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగడం, అక్కడ మెట్రో ఎక్కి ఐదో స్టేషన్ లక్డీకాపూల్‌లో దిగడం. మొదటి వారం బాగానే నడిచింది. ఈ కరెంటుకు మూత్రాశయం నిండుగా ఉండాలంటారు. నీళ్లు తాగి, ఆపుకుని, పేరు పిలిచేదాకా కూర్చోవాలి. అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని పళ్లు బిగబట్టి కూర్చునేది.

రెండో వారం విరేచనాలు మొదలయ్యాయి. పొత్తికడుపు మీద కరెంటు పడితే పేగులు అట్లాగే చేస్తాయట. ఒకరోజు తిరుగు ప్రయాణంలో షాద్‌నగర్ రాకముందే అమ్మ సీట్లో ముడుచుకుపోయింది. కండక్టరమ్మ చూసి బస్సు ఆపించింది. రోడ్డు పక్కన కంపచెట్ల చాటున, నేను చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డాను. బస్సులో ఒక్కరూ ఏమీ అనలేదు. అయినా అమ్మ మళ్లీ ఎక్కాక జడ్చర్ల దాకా తలెత్తలేదు. ఇంటికొచ్చి, "ఇగ చాలు. నేను రాను. చస్తే ఇంట్లనే చస్త" అంది.

అప్పటికి తొమ్మిది కరెంట్లు అయ్యాయి.

మర్నాడు బతిమాలి రైల్లో తీసుకుపోయాను, బోగీలో బాత్రూం ఉంటుందని. క్యాన్సర్ పేషెంట్‌కూ, తోడు ఒకరికీ సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది, ఆసుపత్రిలో ఫారం నింపి స్టాంపు వేసిస్తారు. కానీ కాచిగూడలో దిగి లక్డీకాపూల్ చేరడం ఇంకో ప్రయాణం. ఇట్లా ఇంకో పదిహేను రోజులు కాదని తేలిపోయింది.

ఆ రోజు నర్సమ్మకు గోడు చెప్పుకుంటే, "సోషల్ వర్కర్ మేడంను కలిశారా?" అంది. కలవలేదు. అట్లాంటి మనిషి ఒకరుంటారనే తెలియదు. ఆ మేడం నన్ను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?" అని.

ఉండటానికి చోటిచ్చే సంస్థలు ఉన్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో లెక్క. సెయింట్ జూడ్ ఇండియా వాళ్ల సెంటర్లు క్యాన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాలకే. పెద్దవాళ్లకు చోటిచ్చే ఒక ట్రస్టుకు మేడం లెటర్ రాసిచ్చింది. వాళ్లు అడిగినవి ఇవి: డాక్టర్ రాసిన కరెంటు షెడ్యూల్, బయాప్సీ రిపోర్టు జిరాక్స్, ఇద్దరి ఆధార్, తోడుగా ఒక్కరే, అదీ ఆడమనిషే. మంచం ఖాళీ అయ్యేదాకా నాలుగు రోజులు ఆగమన్నారు.

ఆ నాలుగు రాత్రులూ ఆసుపత్రి షెడ్డు కింద పడుకున్నాం. నాంపల్లి దగ్గర నూట యాభైకి ఒక ప్లాస్టిక్ చాప కొన్నాను. పక్కన పడుకున్న మక్తల్ ఆవిడ, సంచి తల కింద పెట్టుకుని దాని తాడు చేతికి చుట్టుకోమని నేర్పింది. తిండికి ఇబ్బంది కాలేదు. పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు 5 రూపాయల భోజనం 2022 నుంచి హైదరాబాద్ సర్కారు దవాఖానల్లో పెడుతున్నారు. అన్నం, పప్పు లేదా సాంబారు వేడిగా ఉండేవి, కడుపు నిండేది.

దాతల గురించి ఒక మాట చెప్పాలి, ఎవరూ ఏమనుకోవద్దు. ఆ ఎంఎన్‌జేలోనే 2023లో తెరిచిన పెద్ద కొత్త బ్లాకును అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టించి ఇచ్చింది. అదీ దానమే, ఎంతమందికి ఉపయోగమో లెక్కలేదు. ఇంకోపక్క పుట్టినరోజు పేరుతో కారులో వచ్చి పులిహోర ప్యాకెట్లు, రస్కులు పంచేవాళ్లున్నారు. నోటి క్యాన్సర్‌తో దవడ తీసేసిన పెద్దమనిషి చేతిలో రస్కు ప్యాకెట్ పెట్టి ఫొటో దిగారు ఒకరోజు. ఆయన దాన్ని మర్యాదగా పట్టుకుని, వాళ్లు పోయాక మా అమ్మ పక్కన పెట్టి వెళ్లాడు. విరేచనాలతో ఉన్న మా అమ్మకు ఆ పులిహోరా పనికిరాదు. పెరుగన్నం, కొబ్బరినీళ్లు, పెద్దవాళ్ల డైపర్లు, పాత మెత్తటి కాటన్ చీరలు తెస్తే ఎంత బాగుండునో అనిపించేది. ఎవరైనా ఇవ్వాలనుకుంటే ముందు వార్డులో ఒకసారి అడగండి.

ట్రస్టు గదిలో ఆరు ఇనుప మంచాలు. గ్యాసు, బియ్యం, పప్పు వాళ్లవే, వంట మనదే. అమ్మ రెండో రోజే లేచి అందరికీ చారు పెట్టింది. ఒక వారం రక్తం తక్కువైందని కీమో ఆపితే, మా ఊరి పిల్లలు ఇద్దరు బస్సెక్కి వచ్చి బ్లడ్ బ్యాంకులో రక్తమిచ్చి పోయారు.

ఇంకొకటి, నొప్పి. రాత్రిళ్లు నడుములోంచి కాళ్ల దాకా గుంజేది. నొప్పి తగ్గించే పాలియేటివ్ ఓపీ వేరుగా ఉంటుంది, అక్కడికి పొమ్మంటే నేనే భయపడ్డాను. మార్ఫిన్ బిళ్లలంటే ఇక ఆశ లేనివాళ్లకే ఇస్తారనుకున్నా. ఆ డాక్టర్ నవ్వి, నొప్పి ఉన్నవాళ్లకు ఇస్తాం, ప్రాణం పోయేవాళ్లకని కాదు అన్నారు. నాలుగు గంటలకొకటి, దాంతోపాటు మలబద్ధకానికి మందు రాయాలి గానీ అమ్మ విరేచనాలను బట్టి అది తర్వాతకు పెట్టారు. బిళ్లల లెక్క కార్డులో రాస్తారు. ఈ మందు మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు కాబట్టి, అయిపోయే ముందు రోజే చూసుకోవాలి. ఆ రాత్రి అమ్మ తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయింది. నేనే రెండుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మక్తల్ ఆవిడ భర్తకు ఇక కరెంటు పనిచెయ్యదని ఇంటికి పంపేశారు. ఇంటికొచ్చి చూసే 'ఆలన' బండి ఉంటుందనీ, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ వాళ్లను అడగమనీ చెప్పి పంపాను. మా చాప కూడా ఆమెకే ఇచ్చేశాను.

కరెంటు మొదలైన రోజు అమ్మ పొట్ట మీద, తుంటి మీద సిరాతో గీతలు గీశారు. సబ్బు తగలొద్దు, చెరిగిపోతే మళ్లీ కొలతలు తీయాలి అన్నారు. ఏడు వారాలు అమ్మ ఆ గీతల చుట్టూ నీళ్లు తప్పించుకుంటూ స్నానం చేసింది. ఆఖరి రోజు లోపలి కరెంటు అయ్యాక, మూడు నెలలకొకసారి చెకప్‌కు రావాలని డాక్టర్ చెబుతుంటే అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"ఇగ సబ్బు పెట్టి రుద్దుకోవచ్చా, అడుగు."

ఇంకో రెండు వారాలు ఆగమన్నారు.