టేపు మీద ఎగిరిన పరమాణువులు

రాత్రంతా రైలు ప్రయాణం చేసి తెల్లారేసరికి ఆ ల్యాబ్‌కి చేరాను. చల్లటి పరమాణువులు అయస్కాంతపు అద్దం మీద బంతుల్లా ఎగరడం చూపిస్తానని నా స్నేహితుడు ఏడాదిగా పిలుస్తున్నాడు.

బేస్‌మెంట్‌లో నల్ల తెర పక్కకి జరిపితే బల్ల నిండా లెన్సులు, మధ్యలో గాజు కిటికీల స్టీలు చాంబర్. అందులో వెల్లకిలా పడుకోబెట్టిన ఒక టేపు ముక్క. వాడు చెప్పిన అద్దం అదే, అంతే! 1995లో యేల్ యూనివర్సిటీలో ఎడ్ హైండ్స్ బృందం రుబీడియం అనే లోహపు పరమాణువుల్ని వెనక్కి ఎగరేసింది కూడా ఆడియో టేపు మీదే అని చదివాను గానీ, కళ్లతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు.

టేపు మీద పాటకి బదులు ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నటి చారలుగా మారి మారి వచ్చేలా రికార్డు చేస్తారు. కొంచెం పైకి వెళ్తే పక్కపక్క చారల ప్రభావం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది, అందుకే బలమంతా ఉపరితలానికి కొన్ని మైక్రాన్లలోపే ఉంటుంది. పరమాణువు కూడా చిన్న అయస్కాంతమే. అది టేపు అయస్కాంత క్షేత్రానికి ఎదురు తిరిగి ఉంటే టేపు తోసేస్తుంది, క్షేత్రం వైపే తిరిగి ఉంటే లాగేసుకుంటుంది, కాబట్టి వదిలేముందే లేజర్‌తో అన్నిటినీ తోసేసే స్థితిలోకి తెస్తారు.

మొదటి రెండు గంటలు లేజర్ లాక్, అంటే దాని రంగు సరిగ్గా ఒకేచోట నిలవడం, తప్పుతూనే ఉంది. వాడికి ఒకటే టెన్షన్. "కాస్త ఆగరా, కుదురుతుంది," అంటూ నాబ్ వెంట్రుకవాసి తిప్పేవాడు.

చివరికి కుదిరింది. 780 నానోమీటర్ల లేజర్లు సున్నా కెల్విన్‌కి, అంటే అంతకన్నా చల్లబడని హద్దుకి, డిగ్రీలో లక్షో వంతు దగ్గరదాకా చల్లార్చిన పరమాణువుల మబ్బు, స్క్రీన్ మీద చిన్న తెల్లటి చుక్క. లేజర్లు ఆపగానే పడిపోతుంది. 2 సెంటీమీటర్లు పడడానికి 64 మిల్లీసెకన్లు, అప్పటికి వేగం సెకనుకి 60 సెంటీమీటర్ల పైనే. దాన్ని ఆపడానికి 30 గాస్‌ల అయస్కాంత క్షేత్రం చాలట, భూమి క్షేత్రానికి ఓ అరవై రెట్లు. ఫొటో తీస్తే ఆ వెలుగుకే మబ్బు చెదిరిపోతుంది, అందుకని ప్రతిసారీ కొత్త మబ్బు చేసి, ఇంకొంచెం ఆలస్యంగా ఫొటో తీసి వరసగా పేర్చాడు.

చుక్క దిగింది, టేపు దగ్గర సన్నటి గీతలా నలిగింది, మళ్లీ పైకి లేచింది. నాకు నోట మాట రాలేదు. పైకొచ్చేసరికి పక్కలకి బాగా విచ్చుకుపోయింది, అద్దం చదునుగా ఉంది కదా. ఈసారి టేపుని గిన్నెలా వంచిన గాజు మీద అతికించి మబ్బుని తిరిగి ఒకచోటికి చేరుస్తానన్నాడు. రైలెక్కేముందు, ఆ రోజు తప్పకుండా కబురు పెట్టమని రెండుసార్లు చెప్పాను.