బుడతకీచుల ఊళ్ళో ఒక శనివారం

"మీరు మాట్లాడుకునేది ఏ భాష?" అని అడిగింది గైడ్, మేం కలిసిన రెండో నిమిషంలోనే. తెలుగు అని చెప్పాను. ఆవిడ ఆ పేరు ఎప్పుడూ వినలేదట. "మీకు మేం తెలియకపోయినా మాకు మీరు ఎప్పటినుంచో తెలుసు. మా భాషలో మీవాళ్ళకి ఒక పేరు కూడా ఉంది, బుడతకీచులు" అన్నాను. ఆవిడ ఆ మాటని రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. "పుర్తుగేష్... బుడతకీచ్..." అని ముఖం విప్పారించుకుని నా చెయ్యి పట్టుకుంది. పోర్చుగీసువాళ్ళు తమని తాము పిలుచుకునే పేరే మన నోళ్ళలో నలిగి నలిగి అలా అయిందని ఆవిడకి నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను ముప్ఫై ఏళ్ళు గుంటూరులో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మావారిది పర్చూరు దగ్గర పల్లెటూరు, మిరప వేసే కుటుంబం. అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరులో మేం దాని దగ్గరికి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు సెలవు పెట్టి మమ్మల్ని పోర్చుగల్ రాజధాని లిస్బన్ తీసుకెళ్ళింది. అందులో శనివారం మా ముగ్గురికే ఒక గైడ్‌ని మాట్లాడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరు చూపిస్తూ, అక్కడి తిండి కూడా తినిపించే టూర్. శనివారం నేను నీచు ముట్టను. చేపలకి పేరుపడ్డ ఊళ్ళో తిండి టూర్ సరిగ్గా ఆ రోజే పడిందే అని కాస్త టెన్షన్‌గానే ఉంది.

మొదలుపెట్టింది నది ఒడ్డునున్న ప్రాసా దు కొమెర్సియు అనే పెద్ద చౌకులో. మూడు వైపులా పసుపురంగు భవనాలు, నాలుగో వైపు తేజు నది. నది అనే గానీ చూపు ఆనినంత మేరా నీళ్ళే, మన హంసలదీవి దగ్గర కృష్ణమ్మలాగ. 1755 నవంబరు 1న, క్రైస్తవుల పెద్ద పండగ రోజు పొద్దున, జనమంతా చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. కొవ్వొత్తులు పడి ఊరు అంటుకుంది. ప్రాణాలు దక్కించుకుందామని కొందరు ఈ ఒడ్డుకే పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి నది వెనక్కి తగ్గి, అడుగున బురద కనిపించి, ఆ తర్వాత అలలు విరుచుకుపడ్డాయి. 2004 డిసెంబరులో చీరాల ఒడ్డున చూసినవాళ్ళు చెప్పిన మాటలూ ఇవే. మావారు ఏమీ మాట్లాడకుండా నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజు కూలిన రాజభవనం పక్కనే "కాజా ద ఇండియా" ఉండేదట. అంటే ఇండియా ఇల్లు. మలబారు నుంచి వచ్చే మిరియాల లెక్కలన్నీ అక్కడే చూసేవాళ్ళు. భవనంతో పాటు ఆ కాగితాలూ పోయాయి. ఊరిని మళ్ళీ కట్టించిన మంత్రి పోంబాల్ ప్రభువు వీధుల్ని గళ్ళ నోటుపుస్తకంలాగ తిన్నగా గీయించాడు. గోడల లోపల అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా చెక్కలు బిగించి పంజరంలాగ చేయించాడు. భూమి కదిలితే చెక్క ఊగుతుంది, ఇల్లు నిలుస్తుంది. నమూనా కట్టి, చుట్టూ సిపాయిల చేత కవాతు చేయించి, ఆ అదురుకి ఏమవుతుందో చూశారట. రెండున్నర శతాబ్దాల కిందట ఇంత ఆలోచించారంటే వాళ్ళమీద నాకు గౌరవం కలిగింది.

అక్కణ్ణుంచి కమాను కిందుగా రువా ఔగుష్టా వీధిలోకి నడిచాం. లిస్బన్ కాలిబాటలన్నీ తెల్లటి సున్నపురాయి, నల్లటి రాయి చిన్న చిన్న ముక్కలు పేర్చి చేసినవి. ఏళ్ళ తరబడి నడకకి నున్నబడి, వానపడితే జారతాయి. తెల్లవారుజామున జల్లు పడింది. ఒకచోట నా కాలు సర్రున జారితే గైడ్ పట్టుకుంది. ఆ తర్వాత రోజంతా నా చెయ్యి వదల్లేదు.

మలుపులో ఒక పెద్దాయన చిన్న పీటమీద కూర్చుని పోయిన రాళ్ళు పెడుతున్నాడు. కాసేపు అక్కడే నిలబడ్డాం. ఎడమ అరచేతిలో రాయి, కుడిచేతిలో సన్న మూతి సుత్తి. రాయిని వేళ్ళతో ఒకసారి తిప్పుతాడు, ఎక్కడ కొట్టాలో కంటితో కాదు, వేలితోనే చూసుకుంటాడు. టక్కున ఒక్క దెబ్బ. పెచ్చు ఊడుతుంది. గుంటలో పెట్టి, సుత్తి వెనకవైపుతో రెండుసార్లు తడతాడు. పక్క రాయికీ దానికీ మధ్య గోరు కూడా దూరదు. ఈ పని నేర్పడానికి 1986 నుంచి నగరపాలక సంస్థ ఒక బడే నడుపుతోందట. అయినా వచ్చేవాళ్ళు తక్కువని గైడ్ బాధపడింది. వెళ్తూ వెళ్తూ ఆయన్ని పలకరించింది, "బొం దియ, మెష్త్ర!"

నేను ఆగిపోయాను. "ఏమన్నారు ఆయన్ని?"

"మెష్త్ర. పని బాగా వచ్చినవాణ్ణి అలా అంటాం."

"మా ఊళ్ళో ఇల్లు కట్టేవాణ్ణి మేమూ మేస్త్రి అనే అంటాం" అన్నాను. ఆవిడ సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఆ మాట రాసుకుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదివినదే, పిల్లలకి పాఠంలో చెప్పినదే. కానీ ఒక పోర్చుగీసు మనిషి నోట, నిజంగా మేస్త్రిని పిలవడానికే ఆ మాట వినడం వేరు. ఆ క్షణం నుంచి ఊరు చూడటం పక్కనబెట్టి మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

రోసియు చౌకులో అలల ముగ్గు పరిచిన నేల చూశాం. సావు దొమింగుష్ చర్చి 1959లో కాలిపోయింది. పైకప్పు మళ్ళీ వేశారు గానీ పగిలిన స్తంభాల్ని అలాగే ఉంచేశారు. అక్కడ "పాద్ర" అంటే మన పాదిరి. బయట, 1506లో ఈ చోటే చంపేసిన యూదుల కోసం నిలిపిన గుర్తు ఉంది. పక్కనే 1840 నుంచి ఉన్న బుల్లి కొట్టులో పుల్లచెర్రీలతో చేసే జింజీన్య అనే తియ్యటి మద్యం అమ్ముతారు. మావారూ అమ్మాయీ చెరో చిన్న గ్లాసు పుచ్చుకున్నారు. నేను వాసన చూసి ఊరుకున్నాను.

కొండెక్కితే కార్మో మఠం. 1755లో పైకప్పు పోయింది, ఈనాటికీ లేదు. రాతి కమానులు అస్థిపంజరంలాగ ఆకాశం కింద నిలబడి ఉంటాయి, లోపల నేలంతా ఎండ. దాని ముందున్న చెట్ల చౌకులోనే 1974 ఏప్రిల్ 25న సైన్యం చుట్టుముడితే, నలభై ఏళ్ళు పైబడిన నియంతృత్వం ఒక్కరోజులో కూలింది. ఆ పొద్దున సెలెస్త్ కయెయిరు అనే హోటల్ పనిమనిషి, సిగరెట్ అడిగిన సిపాయికి సిగరెట్ లేక చేతిలో ఉన్న ఎర్ర పువ్వు ఇచ్చింది. అతను దాన్ని తుపాకీ గొట్టంలో పెట్టుకున్నాడు. గైడ్‌కి అప్పుడు ఆరేళ్ళట. వాళ్ళమ్మ వద్దంటున్నా వినకుండా వీధిలోకి వెళ్ళిందనీ, తిరిగొచ్చి వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చిందనీ చెప్పింది. ఎందుకు ఏడ్చిందో తనకి పెద్దయ్యాక గానీ తెలియలేదంది.

భోజనం మౌరారియా పేటలో, ఆరు బల్లలు మాత్రమే ఉన్న ఒక చిన్న హోటల్లో. దారిలో పళ్ళ కొట్టు ముందు "పపాయ", "అననాష్" అని ఆవిడ అంటే "బొప్పాయి", "అనాస" అని నేను అన్నాను. హోటల్లో మూలనున్న వైన్ పీపాని చూపించి పేరడిగితే "పీప" అంది. గిన్నెలు పెట్టుకునే అల్మారా "అర్మారియు". అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "అమ్మా, నువ్వు ఇక్కడ రెండు రోజులుంటే భాష వచ్చేసేటట్టుంది" అంది.

కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చిపెట్టారు. అంతకుముందు రాత్రి వేరే హోటల్లో ఇలాగే పెడితే ఊరికే అనుకుని తిన్నాం. బిల్లులో వేశారు. తాకకపోతే డబ్బు లేదు, తింటే లెక్క, ఇక్కడి పద్ధతి అంతే అని గైడ్ చెప్పాక మనసులో కినుక పోయింది.

మావాళ్ళకి బకల్యావ్ వచ్చింది. ఉప్పులో ఎండబెట్టిన కాడ్ చేప. ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఉప్పు వదిలాక వండుతారు. విచిత్రమేమిటంటే ఆ చేప పోర్చుగల్ తీరంలో దొరకదు. ఎక్కడో ఉత్తర సముద్రాల నుంచి రావాలి. అయినా రోజుకొకటి చొప్పున ఏడాది పొడుగునా చేసుకోవడానికి రకాలున్నాయంటారు. చేపని పీచులుగా విడదీసి, అగ్గిపుల్లల్లాంటి బంగాళదుంప వేపుడు, గుడ్డు కలిపి తెచ్చారు. "వాసన చూడు, మన ఉప్పుచేపే" అన్నారు మావారు. నాకు క్యాబేజీ జాతి ఆకుని దారాల్లా తరిగి బంగాళదుంపతో కాచిన పచ్చటి సూప్, మాంసం ముక్క వెయ్యకుండా ప్రత్యేకంగా చేయించింది. దానితో "పెయ్‌షీన్యుష్ ద ఓర్త". అంటే తోటలో పట్టిన చేపపిల్లలు. తీరాచూస్తే బీన్స్ కాయలు పిండిలో ముంచి నూనెలో వేయించినవి! శనగపిండి బదులు గోధుమపిండి, వాము లేదు, అంతే తేడా. జపానువాళ్ళ టెంపురా ఈ పోర్చుగీసు వేపుడు నుంచే పుట్టిందట. నాకు మాత్రం గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం బజ్జీల బండి గుర్తొచ్చింది. పక్క బల్లమీద మూడు మూలల "షముస"లు. "ఇది మాత్రం గోవా నుంచి మేం తెచ్చుకున్నది" అంది గైడ్.

మావారు ఎక్కడికెళ్ళినా జేబులో చిన్న కారం డబ్బా ఉంటుంది. మా పొలంలో కాయలే, ఇంట్లో దంచినదే. తీసి చేపమీద చల్లుకున్నారు. గైడ్ వేలితో కాస్త తీసుకుని నాలికమీద వేసుకుంది. కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, అయినా మళ్ళీ తీసుకుంది. "మా పిరిపిరి కంటే ఘాటుగా ఉంది. దీన్ని మీకు ఇచ్చింది మేమేనని తెలుసా?" అంది. మావారు ఒప్పుకోలేదు. మిరపకాయ మనది కాకపోవడమేంటన్నారు. నేనే చెప్పాను: మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో, మనకి తెచ్చింది ఈ బుడతకీచులే. కొండవీటి రెడ్డిరాజులు తిన్న పప్పులో మిరపకాయ లేదు, మిరియమే. అందుకే కొత్తగా వచ్చిన కాయకి కూడా మిరియపు పేరే పెట్టుకుని మిరపకాయ అన్నాం. ముప్ఫై ఏళ్ళుగా మిరప యార్డుకి టిక్కీలు తోలిన మనిషి డబ్బామీద మూత బిగిస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గైడ్‌ని ఒక్కటే అడిగారు, పాటపాడి సరుకు అమ్మడాన్ని మీరేమంటారని. "లెయ్‌లావ్" అంది. వేలం. చేతులు తుడుచుకోవడానికి ఆయన అడిగింది కూడా "తువాల్య" అయింది.

చివర పాలలో ఉడికించిన అన్నం పంచదారతో, పైన దాల్చినచెక్క పొడితో గీసిన గళ్ళ ముగ్గుతో వచ్చింది. నిమ్మతొక్క వాసన లేకపోతే అది పరమాన్నమే.

ట్రాము ఎక్కి బెలేం వెళ్ళాం. జెరోనిముష్ మఠం 1501 ప్రాంతంలో మొదలై వంద సంవత్సరాలు కట్టారు. ఆసియా, ఆఫ్రికా సరుకుల మీద వేసిన 5 శాతం సుంకంతో లేచిన గోడలవి. రాతిలో చెక్కిన మోకులు, ముడులు, పగడపు తీగలు ఎంత అందంగా ఉన్నాయో! అంత సన్నటి స్తంభాలు అంతెత్తు కప్పుని మోస్తూ 1755ని కూడా తట్టుకున్నాయి. లోపలికి వెళ్ళగానే ఎడమపక్క వాస్కో డ గామా సమాధి. రాతి బొమ్మ చేతులు జోడించి పడుకుని ఉంటుంది. 1524లో కొచ్చిలో చనిపోతే మొదట అక్కడే పాతిపెట్టారు. ఫోర్ట్ కొచ్చి చర్చిలో ఆ చోటు నేను చూశాను. 1539లో పోర్చుగల్‌కి తెచ్చారు, ఈ మఠానికి చేర్చింది 1880లో.

బడిలో ఎన్నిసార్లు చెప్పానో, 1498లో కాలికట్ చేరాడని. ఎదురుగా నిలబడితే ఆ సంవత్సరం కాదు, 1502 గుర్తొచ్చింది. మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళతో, పిల్లలతో సహా మలబారు తీరంలో తగలబెట్టించాడు. జోడించిన ఆ రాతి చేతుల్ని నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. గైడ్‌తో చెప్పాను. ఆవిడ సర్దిచెప్పబోలేదు. "మా చిన్నప్పుడు బళ్ళో ఇది చెప్పలేదు. పెద్దయ్యాక చదివాను" అంది. తలదించుకుని నిజం ఒప్పుకున్న మనిషి మీద నాకు అభిమానం పెరిగింది.

దగ్గర్లోనే 1837 నుంచి ఉన్న మిఠాయి కొట్టు. మఠాల్లో బట్టలకి గంజి పెట్టడానికి గుడ్డు తెల్లసొన వాడి, మిగిలిన పచ్చసొనతో తీపి వంటలు చేసేవాళ్ళట. 1834లో మఠాలు మూసేశాక ఆ వంట ఇలా బజారుకొచ్చింది. చేప, మాంసం తప్ప కేకుల్లో గుడ్డుకి నాకు పట్టింపు లేదు కాబట్టి తిన్నాను. అరచేతిలో పట్టే చిన్న గిన్నె, అంచు తాపేశ్వరం కాజాలాగ పొరలు పొరలు. కొరికితే ఫెళఫెళ విరుగుతుంది. లోపల వేడి వేడి మీగడ, పైన అక్కడక్కడా మాడిన నల్ల మచ్చలు. ఆ మాడినచోటే రుచంతా. దాల్చినచెక్క పొడి, పంచదార పొడి మనమే చల్లుకోవాలి. రెండు తిన్నాను.

సాయంత్రం ట్రాము స్టాపులో గైడ్ నోటుపుస్తకం నా చేతికిచ్చి, తను రాసుకున్న మాటల పక్కన తెలుగులో రాయమంది. మేస్త్రి, పాదిరి, బొప్పాయి, అనాస, పీపా, అల్మారా, వేలం, తువ్వాలు. చివర బుడతకీచు. గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివించుకుంది. ఇంకొకటేదైనా చెప్పమంది. చలిగాలికి ఆవిడ కోటు దగ్గరకి లాక్కుంటోంది. "అదిగో, ఇప్పుడు మీరు పెట్టుకుంటున్నదే. దాన్ని ఏమంటారు?" అన్నాను.

"బొతావ్."

"బొత్తాం" అని రాశాను. ట్రాము వచ్చేసింది. మేం ఎక్కి కిటికీలోంచి చూస్తే, ఆవిడ స్టాపులో నిలబడి కోటు బొత్తాం పట్టుకుని, పెదవులు కదుపుతూ ఆ మాట పలుకుతోంది.